మసి, సిరా, ఇంకు

ఇంకుని తెలుగులో ఏమంటారు? బడికెళ్ళిన వాళ్ళెవరైనా తడుముకోకుండా చెప్పే జవాబు: సిరా. కానీ సిరా తెలుగు మాట కాదు. పారసీకం, ఉర్దూల దారిలో మనదాకా వచ్చిన మాట. మరి దానికి ముందు ఏమనేవాళ్ళు? మసి అనేవాళ్ళు. ఆ మాటకి ఇప్పుడు రాతతో సంబంధం తెగిపోయి, వంటింట్లో మిగిలింది. మసిగుడ్డ, మసిబారిన గిన్నె, ఇంకా మసిపూసి మారేడుకాయ చేయడం. ఇంత పద్యం, ఇంత వచనం రాసుకున్న భాషలో, రాతకి కావలసిన ఆ నల్లటి నీళ్ళకి జనం నోట నిలిచిన సొంత మాట ఒక్కటి లేదేమిటి?

నేనుండేది మోకిలలో. శంకర్‌పల్లి రోడ్డు మీద, ఒకప్పుడు జొన్న చేలుండే చోట ఇప్పుడు విల్లాల గేట్లున్నాయి. ఈ చుట్టుపక్కల ఊళ్ళలో కాస్త వయసు పైబడిన వాళ్ళని కదిపితే మాటలు ఎటు తిరిగినా చివరికి భూమి కాగితాల దగ్గరికే చేరతాయి. ఒక పెద్దాయనని సిరా గురించి అడిగాను. "సిరనా? గదంత పట్వారి తాన ఉంటుండె. మాకేమెరుక? మాకు ఏలుకంటింది, అంతే" అన్నాడు. ఇంకు చరిత్ర గురించి నేను చదివిన పుస్తకాల్లో ఎక్కువ భాగం కవులవైపు నుంచి, లేఖకులవైపు నుంచి మాట్లాడతాయి. ఆ పెద్దాయన మాటతో నాకు ఇంకో వైపు కనిపించింది. మన భాషలో ఇంకుకున్న పేర్లు కవులిచ్చినవి కావు. రాత ఎవరి చేతిలో ఉంటే వాళ్ళు వదిలి వెళ్ళినవి.

*

ముందు మసి సంగతి. తెలుగు అక్షరం మొదట చెక్కుడు అక్షరం. కడప జిల్లా కలమళ్ళలో సుమారు 575 నాటి రేనాటి చోళుల శాసనం రాతి మీద ఉంది. రాయికి ఉలి చాలు, ఇంకు అక్కర్లేదు. రాగిరేకుకీ అంతే. తాటాకు దగ్గరికొచ్చినా పద్ధతి పెద్దగా మారలేదు. ఎడమ చేతిలో ఆకు పట్టుకుని, కుడి చేతిలోని ఇనప గంటంతో ఆకు పొరని గీస్తూ పోవాలి. గీసినంతసేపూ అక్షరం సరిగ్గా కనపడదు. లేతరంగు ఆకు మీద లేతరంగు గీత, అంతే. మొత్తం గీశాక దీపపు మసో, బొగ్గుపొడో నూనెలో కలిపి, లేదా ఏ ఆకు పసరో తీసుకుని ఆకంతా రుద్దుతారు. పైన ఉన్నది తుడిచేస్తారు. గీతల్లో దిగింది మాత్రం అక్కడే ఉండిపోతుంది. అప్పుడు అక్షరాలు బయటపడతాయి.

ఉత్తరాదిలో భూర్జపత్రం మీదా, తాటాకు మీదా కూడా కలంతో మసిలో ముంచి రాసిన సంప్రదాయం ఉంది. దక్షిణాది తాటాకు పద్ధతి వేరు. ఇక్కడ మసి రాసేది కాదు, రాసినదాన్ని చూపించేది. రాత ముందు, మసి తర్వాత. అందువల్లే కాబోలు, దానికి ప్రత్యేకమైన పేరు పెట్టాలన్న తొందర మనకి లేకపోయింది. పొయ్యి మీది నలుపూ అదే, దీపం బుడ్డి మీది నలుపూ అదే, గ్రంథంలోని నలుపూ అదే. సంస్కృతంలో మసి, మషి అంటే ఇంకు కూడా. తమిళంలో మై అంటే కాటుక, ఇంకు రెండూ. మలయాళంలో ఇవాళ్టికీ ఇంకుని మషి అనే అంటారు. ఆ మాటని రాతపనిలోంచి తప్పించి వంటింటికి పరిమితం చేసింది మనమే.

ఇక్కడో చిన్న తికమక. ఇప్పటి తెలుగులో రాయడం అంటే అక్షరాలు రాయడం, ఒంటికి నూనె రాయడం కూడా. తాటాకు మీద ఈ రెండూ జరుగుతాయి కాబట్టి ఒకే మాట అనుకోవాలనిపిస్తుంది. కానీ ఇవి వేర్వేరు మాటలు. అక్షరాలది వ్రాయు. తమిళంలో గీతకీ, గీయడానికీ ఉన్న వరై దానికి చుట్టం. నూనెది రాచు, రాయు. వకారం రాలిపోయాక రెండూ ఒకేలా వినపడుతున్నాయి.

వ్రాయుకి మూలం గీత అన్నది మన ఒక్కరి విషయం కాదు. సంస్కృతంలో లిఖ్ అంటే గీకడం. లాటిన్ స్క్రీబెరె ముందు అర్థమూ గీకడమే. ఇంగ్లీషు రైట్ పాత రూపానికీ చెక్కడం, గీయడం అనే అర్థాలున్నాయి. మనుషులు రాతని మొదట గాటుగానే చూశారు. ఇంకు ఆ తర్వాత వచ్చింది. వచ్చిన ఇంకుకి చాలా భాషలు దాని రంగు పేరే పెట్టేశాయి. గ్రీకులో మెలాన్ అంటే నల్లనిది. లాటిన్ అట్రమెంటుమ్‌లో ఉన్నదీ నలుపే. పారసీకంలో సియాహ్ అంటే నలుపు, సియాహీ అంటే ఇంకు. స్పానిష్ తింతా, జర్మన్ టింటె మాత్రం అద్దకం వైపు నుంచి వచ్చాయి. అవి రంగులో ముంచడం అనే లాటిన్ మాట సంతానం.

ఇంగ్లీషు ఇంక్ ఈ రెండు దారుల్లోనూ రాలేదు. గ్రీకులో ఎన్‌కౌస్తోన్ అంటే కాల్చి లోపలికి దించినది. లాటిన్‌లో అది ఎన్‌కౌస్తుమ్ అయింది. తర్వాత పాత ఫ్రెంచిలో ఎంక్, అక్కణ్ణించి ఇంగ్లీషులో ఇంక్. లాటిన్‌లో ఉన్నప్పుడు అది మామూలు ఇంకు కాదు, రోమన్ చక్రవర్తి సంతకానికి వాడే ఊదా ఇంకు. 470లో లియో చక్రవర్తి చేసిన చట్టం ప్రకారం ఆ ఇంకు చక్రవర్తి తప్ప ఇంకెవరూ వాడకూడదు, దగ్గర ఉంచుకోకూడదు. అంటే ఇంక్ అనే మాట పుట్టింది అధికారుల బల్ల మీద. ప్రభుత్వ ఉత్తర్వుని నిజమైనదిగా నిలబెట్టే ముద్రకి పేరది. ఆ తర్వాతే అందరి ఇంకుకీ ఆ పేరొచ్చింది.

*

మన సిరా కథ కూడా కచేరీ కథే. మోకిలకి ఉత్తరాన ఎంతో దూరం లేని పటాన్‌చెరు దగ్గర అది చక్కగా కనపడుతుంది.

16వ శతాబ్దంలో గోల్కొండని ఇబ్రహీం కుతుబ్‌షా ఏలుతున్నప్పుడు పటాన్‌చెరులో అమీన్‌ఖాన్ అనే అధికారి ఉండేవాడు. పొన్నెగంటి తెలగనార్యుడు తన యయాతి చరిత్రని ఆయనకి అంకితమిచ్చాడు. సంస్కృత పదాలు లేకుండా అచ్చతెలుగులో రాసిన తొలి కావ్యంగా సాహిత్య చరిత్రలు చెప్పేది దీన్నే. అంటే అచ్చతెలుగు అనే పంతానికి మొదటి ఆసరా ఇచ్చినవాడు పారసీకంలో రాచకార్యం నడిచే రాజ్యంలో ఒక అధికారి. కావ్యంలో ఒక తెలుగు, కచేరీలో ఇంకో తెలుగు. కావ్యం తాటాకు మీద బతికింది. కచేరీ కాగితం మీద బతికింది.

దక్కన్‌లో కాగితం బాగా దొరికేది. దౌలతాబాద్ దగ్గర కాగజీపురాలో చేతి కాగితం తయారీ శతాబ్దాల పాటు సాగింది. కాగితం చెక్కుడుకి ఆగదు, గంటం పెడితే చిరిగిపోతుంది. దానికి కలం కావాలి, కలం ముంచడానికి బుడ్డి కావాలి, బుడ్డిలో నీళ్ళలాంటి ఇంకు కావాలి. దీపపు మసి, తుమ్మబంక, నీళ్ళు కలిపి నూరితే కలానికి అందే ఇంకు తయారవుతుంది. అంటే మసి అప్పుడు కూడా పోలేదు, బుడ్డిలోకి చేరింది. పేరు మాత్రం మారింది.

ఈ సరంజామా అంతా తన పేర్లు తనే వెంట తెచ్చుకుంది. కాగితం పారసీక కాగజ్ నుంచి వచ్చింది. తెలంగాణలో ఇంకా కాయితం అనే అంటాం. కలం అరబ్బీ కలమ్, దానికి ముందు గ్రీకు కలమోస్, అంటే రెల్లుగడ. దఫ్తరం అరబ్బీ, పారసీకాల మీదుగా వచ్చినా దాని వేరు గ్రీకులో తోలుకున్న పేరు. దస్కత్‌లో దస్త్ అంటే చెయ్యి, ఖత్ అంటే రాత. మన పాత మాట చేవ్రాలుకీ సరిగ్గా ఆ అర్థమే. ఉర్దూలో సిరాబుడ్డిని దవాత్ అంటారు. హైదరాబాద్‌లో అందరికీ ఇష్టమైన దావత్‌కి, దీనికి చుట్టరికం లేదు. ఆ దావత్ పిలుపు నుంచి వచ్చింది.

మరి సిరా? కన్నడంలో ఇంకు శాయి, మరాఠీలోనూ శాయి. అవి సియాహీ నుంచి వచ్చాయని వింటేనే తెలుస్తుంది. సిరా దగ్గర ఒక అక్షరం అడ్డం పడుతుంది. సియాహీలో లేని ర ఇక్కడికి ఎలా వచ్చింది? నా మొగ్గు షీరా వైపు. పారసీకంలో, ఉర్దూలో షీరా అంటే రసం, పాకం. బంక వేసి కలిపిన ఇంకు చిక్కగా పాకంలాగే ఉంటుంది. ష మన నోట్లో స కావడం కొత్త కాదు. సంస్కృతంలో సిర అంటే నరం కాబట్టి ఇంకుని నెత్తురుతో ముడిపెట్టి కవిత్వం చెప్పేవాళ్ళున్నారు. వినడానికి బాగుంటుంది కానీ, కాగితం, కలం, దఫ్తరం, దస్కత్ అన్నీ ఒక బండిలో దిగితే బుడ్డిలో ఉన్నది ఒక్కటీ వేరే బండిలో వచ్చిందంటే నమ్మడం కష్టం.

ఉర్దూలో ఇంకుకి ఇంకో పేరుంది: రోష్నాయి, అంటే వెలుగు. ఒకే భాష ఒకే వస్తువుని నలుపనీ, వెలుగనీ పిలిచింది. చదవగలిగిన వాడికి వెలుగు, చదవలేని వాడికి నలుపు అని ఎవరూ ఉద్దేశించి పెట్టి ఉండరు. కానీ తెలంగాణ ఊళ్ళలో జరిగింది మాత్రం అదే.

*

నిజాం రాజ్యంలో 1880ల నడిమి దాకా కచేరీ భాష పారసీకం, ఆ తర్వాత ఉర్దూ. హైదరాబాద్ చుట్టూ ఉన్న అత్రాఫ్-ఎ-బల్దా జిల్లా నిజాం సొంత ఖజానాకి చెందిన సర్ఫ్-ఎ-ఖాస్. ఈ నేలని కొలిచిన లెక్కలు సేత్వార్‌లో, సాగు లెక్కలు పహాణీలో, శిస్తు లెక్కలు జమాబందీలో ఎక్కేవి. రైతు నోటి మాట తెలుగు. అతని పొలం పేరు తెలుగు. కానీ ఆ పొలం అతనిదేనని చెప్పే సిరా వేరే లిపిలో, కుడి నుంచి ఎడమకి నడిచేది. ఊరికీ ఆ లిపికీ మధ్య పట్వారీ ఉండేవాడు. పట్వారీ కలం కింద పేరు మారితే పొలం చేయి మారేది. ఈ మాట ఇక్కడి ముసలివాళ్ళు ఎవరినడిగినా చెబుతారు, తమ ఇంటి కథగానో పక్కింటి కథగానో.

ఇంక రైతు వంతు వేలు. సంతకం రాని వాడి దగ్గర తీసుకునేది నిశాని. బొటనవేలికి సిరా పూసి కాగితం మీద ఒత్తడం. ఈ పద్ధతికి వలస పాలనలో మొదలు 1858లో బెంగాల్లోని జంగీపూర్‌లో కనపడుతుంది. విలియం హెర్షెల్ అనే ఇంగ్లీషు అధికారి రోడ్డుకి కంకర తోలే ఒప్పందం మీద రాజ్యధర్ కొనాయ్ అనే కాంట్రాక్టరు అరచేతి ముద్ర వేయించుకున్నాడు. ఆఫీసు ముద్రకి వాడే నూనె ఇంకునే ఆ అరచేతికీ పూశాడు. రేపు ఈ సంతకం నాది కాదని అనకుండా భయపెట్టడం ఆయన ఉద్దేశం. తర్వాత 1877లో హుగ్లీలో పింఛన్లకీ, రిజిస్ట్రేషన్లకీ వేలిముద్రలు తీసుకున్నాడు. నేరస్థులని పట్టుకోవడం తర్వాతి సంగతి. వేలిముద్ర మొదటి పని, మాట తప్పుతాడేమోనని అనుమానించిన మనిషిని కాగితానికి కట్టేయడం. రోమ్‌లో చక్రవర్తి మాటని నిలబెట్టిన ఇంకు ఇక్కడ కాంట్రాక్టరు చేతికి సంకెల అయింది.

వేలిముద్రగాడు అని మన భాషలో ఒక తిట్టు ఉంది. చదువురానివాడని అర్థం. ఆలోచిస్తే ఎంత అన్యాయమైన తిట్టు! అక్షరం ఒకరి దగ్గర పెట్టుకుని, సిరా మాత్రం ఇంకొకరి వేలికి పూసి, ఆ మరకనే వాడి తప్పుగా చూపించడం.

ఈ లెక్కని సవాలు చేసిన వాళ్ళు కూడా ఈ నేల మీద నుంచే వచ్చారు. 1921 నవంబరులో హైదరాబాద్ వివేకవర్ధనిలో జరిగిన సంస్కరణ సభలో ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే గోల చేసి కూర్చోబెట్టారు. ఆ అవమానంలోంచి ఆంధ్ర జనసంఘం పుట్టింది. దాని పెద్దల్లో ఒకరు కొండా వెంకట రంగారెడ్డి. మొయినాబాద్ దగ్గరి పెద్దమంగళారంలో పుట్టి, ఉర్దూ నడిచే కోర్టుల్లో వకీలుగా ఎదిగిన మనిషి. 1978లో ఏర్పడ్డ జిల్లాకి పెట్టింది ఆయన పేరే. 1926లో సురవరం ప్రతాపరెడ్డి గోలకొండ పత్రిక పెట్టారు. తెలంగాణలో కవులే లేరన్న మాటకి జవాబుగా 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచిక తెచ్చారు. ఈ సంచికని సాహిత్య గౌరవం కోసం జరిగిన పోరుగా చదువుతాం. అది నిజమే. దాని కింద ఇంకో ప్రశ్న కూడా ఉంది: ఈ ఊళ్ళలో సిరా ఎవరిది?

*

ఇంకు అనే మాట ఇంగ్లీషు బడితో వచ్చింది. ఇంకుబుడ్డి, ఇంకుపెన్ను, చొక్కా జేబు మీద నీలం మరక. దాంతోపాటు ఒక చిన్న స్వాతంత్ర్యం కూడా వచ్చింది. రాజమండ్రిలో కోసూరి వెంకటరత్నం తయారుచేసిన స్వదేశీ పెన్ను గాంధీకి చేరి, 1935లో ఆయన మెచ్చుకుంటూ ఉత్తరం రాశాడు. మొదటిసారి ఇంకు కచేరీ బల్ల దిగి పిల్లల చేతికొచ్చింది. సిరా అంటే పట్వారీ గుర్తొచ్చే ఊళ్ళో, ఇంకు అంటే పరీక్ష గుర్తొచ్చే తరం తయారైంది. 1984లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం పటేల్ పట్వారీ వ్యవస్థని రద్దు చేసేనాటికి ఆ తరం పిల్లల తల్లిదండ్రులయింది.

ఈ ఇంగ్లీషు మాట తెలుగులో అంత తేలిగ్గా కలిసిపోవడానికి ఇంకో కారణం ఉందని నా అనుమానం. ఇంకు అని మనకి ముందే ఒక క్రియ ఉంది. నీళ్ళు భూమిలోకి ఇంకుతాయి. కన్నీళ్ళు ఇంకిపోతాయి. ఊరూరా తవ్విన గోతుల్ని ఇంకుడు గుంతలంటాం. రెండు ఇంకులకీ పుట్టుకలో ఏ సంబంధమూ లేదు. గ్రీకువాడిది కాలి దిగేది, మనది తడిసి దిగేది. కానీ కాగితం మీద చుక్క పడితే అది ఏం చేస్తుందో మన క్రియ సరిగ్గా చెబుతుంది.

ఈ ప్రాంతంలో రెండు ఇంకులూ ఒక చోట కలిశాయి. 1908 మూసీ వరద తర్వాత కట్టిన గండిపేట, హిమాయత్‌సాగర్‌ల పరీవాహకాన్ని కాపాడటానికి 1996 మార్చి 8న 111 జీవో వచ్చింది. 84 ఊళ్ళలో నిర్మాణాలకి హద్దులు పెట్టింది. వాన నీళ్ళు ఎక్కడ ఇంకాలో, ఎటు పారాలో ఒక కాగితం మీది ఇంకు నిర్ణయించింది. 2022 ఏప్రిల్‌లో ఇంకో జీవో ఆ హద్దులని సడలించింది. మొయినాబాద్ వైపు రైతుల్లో కొందరికి మొదటి ఇంకు ఉరితాడు, కొందరికి రెండోది. భూమి ధర పెరగకుండా ఆగిన పాతికేళ్ళు ఒకరి బాధ. చెరువు మీద ఆశ వదులుకోవడం ఇంకొకరిది. ఇద్దరి మాటా వినాల్సిందే. ఏ వైపు చూసినా, నేల తడి సంగతి నేల మీద ఉన్నవాళ్ళు రాయలేదన్నది మాత్రం మారలేదు.

ఇప్పుడు ఇంకు కూడా పోయింది. 2020 అక్టోబరు 29న ధరణి వచ్చింది, 2025లో దాని చోట భూభారతి. 2023 ఆగస్టులో హెచ్ఎండీఏ మోకిల ప్లాట్లని ఆన్‌లైన్లో వేలం వేస్తే గజం లక్ష రూపాయలు దాటింది. వేలం పాటలో ఎవరి వేలికీ మరక అంటలేదు. రిజిస్ట్రేషన్ దగ్గర బొటనవేలు ఇంకా పెడుతున్నాం, గాజు పలక మీద. మరక లేదు కాబట్టి ముద్ర కూడా లేదనుకుంటాం. ముద్ర మనకి కనపడని చోటికి వెళ్ళిందంతే. అయితే తగాదా వచ్చిన రోజున అందరూ మళ్ళీ సేత్వార్ నకలు కోసం, 1954-55 ఖాస్రా పహాణీ కోసం పరిగెత్తాల్సిందే. అప్పుడు ఆ పాత సిరాని చదివిపెట్టేవాళ్ళు కావాలి. దస్తావేజుల ఉర్దూ చేతిరాత చదవగలిగిన వాళ్ళు ఏటికేడాది తగ్గిపోతున్నారు. మన తాతల పొలాల పేర్లు మనకి రాని లిపిలో ఉన్నాయి. సాహిత్యం చదివే కుర్రవాళ్ళలో కొందరైనా ఆ లిపి నేర్చుకుంటే బాగుండునని నాకుంది. గజల్ కోసం నేర్చుకున్నా సరే, పహాణీకి పనికొస్తుంది.

ఒక్క చోట మాత్రం ఇంకు తన పాత గ్రీకు అర్థంతో ఇంకా మన మధ్యే ఉంది. 1962 ఎన్నికల నుంచి ఓటరు వేలికి పెడుతున్న సిరాచుక్కలో ఉండేది సిల్వర్ నైట్రేట్. అది చర్మం మీది ఉప్పుతో కలిసి, వెలుతురు తగిలి నల్లబడి, పొరలోకి దిగిపోతుంది. సబ్బుకి పోదు. ఆ రసాయనానికి ఇంగ్లీషులో పాత పేరు లూనార్ కాస్టిక్. కాస్టిక్, ఎన్‌కౌస్తుమ్, ఇంక్, మూడిటి వేరూ ఒకటే: కాల్చడం. రోమ్‌లో ఒక్క చక్రవర్తికే చెల్లిన ఊదా ఇంకు, పదిహేను వందల ఏళ్ళ తర్వాత 2024 మే 13న చేవెళ్ళ నియోజకవర్గంలో వరసలో నిలబడ్డ ప్రతివాడి వేలికీ అంటింది. నిశాని వేసేవాళ్ళకీ, దస్కత్ చేసేవాళ్ళకీ ఒకటే చుక్క.

అది కొన్ని వారాల్లో గోరుతో పాటు పెరిగి పోతుంది. పహాణీలో పడ్డ సిరా మాత్రం ఉంటుంది. ఇక్కడివాళ్ళకి రెండిటి తేడా బాగా తెలుసు.